విశాఖ వెళ్తూ... ఎలమంచిలిలో దిగితే!

తెల్లవారుజామున తుని దాటిందంటే చాలు, విశాఖ వెళ్లే రైల్లో సందడి మొదలవుతుంది. దుప్పట్లు మడతపెట్టేవాళ్లు, బెర్తుల కింద నుంచి సూట్‌కేసులు లాగేవాళ్లు, నిద్రమొహాల పిల్లలకు జడలు వేసేవాళ్లు, 'దువ్వాడలో దిగాలా, స్టేషన్ దాకా రావాలా' అని ఫోన్లో బంధువుల్ని అడిగేవాళ్లు. ఆ హడావుడిలో కిటికీ పక్కనుంచి ఓ చిన్న స్టేషన్ వెనక్కి వెళ్లిపోతుంది. దాన్ని చూసేవాళ్లు తక్కువ, దిగేవాళ్లు మరీ తక్కువ. అదే ఎలమంచిలి.

దిగాల్సిన పనేముంది అంటారా? విశాఖకు వచ్చినవాళ్లు చూసేవి ఎప్పుడూ ఉన్నవే. ఆర్కే బీచ్, కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, సింహాచలం. మరో రోజు చేతిలో ఉంటే బొర్రా గుహలు, అరకు. నాలుగు రోజులు తిరిగి, నాలుగొందల ఫొటోలు తీసుకుని, అదే రైల్లో అదే ఎలమంచిలి మీదుగా నిద్రపోతూ తిరిగి వెళ్లిపోతారు. విశాఖకు అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరి చుట్టూ ఐదు ధారల కొండ, రంగుల బొమ్మల పల్లె, తాటి దోనెల మీద తిరిగే చెరువు, బౌద్ధుల కాలం నాటి రాతి గుట్టలు ఉన్నాయని చాలామందికి తెలియదు. విశాఖలో పుట్టి పెరిగినవాళ్లలోనూ వీటన్నింటినీ చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఊరి పేరు దగ్గరే మొదటి వింత. ఒక బోర్డు మీద యలమంచిలి, ఇంకో బోర్డు మీద ఎలమంచిలి. రెండూ చెల్లుబాటే. 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలో ఉన్న ఈ పట్టణం, కొత్త జిల్లాల ఏర్పాటుతో అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. హైవే మీద వెళ్లేవారికి మామూలు మున్సిపాలిటీలాగే కనిపిస్తుంది. కానీ ఒకప్పుడు ఇది రాజధాని! వేంగి చాళుక్యుల వారసులమని చెప్పుకొన్న ఓ శాఖ ఇక్కడి నుంచి పాలించింది. చరిత్రకారులు వాళ్లను ఎలమంచిలి చాళుక్యులనే పిలుస్తారు. వాళ్ల కోట ఎక్కడ, అంతఃపురం ఎక్కడ అని ఊళ్లో వెతికితే లాభం లేదు. వాళ్ల ఆనవాళ్లు చూడాలంటే పంచదార్ల వెళ్లాలి.

పంచదార కాదు... పంచధార!

ఎలమంచిలి నుంచి రాంబిల్లి మండలం వైపు సుమారు పది కిలోమీటర్లు వెళితే ధారపాలెం వస్తుంది. చుట్టూ చెరకు తోటలు పెరిగే ప్రాంతం కావడంతో పంచదార్ల అన్న పేరు వినగానే చక్కెరే గుర్తొస్తుంది. అసలు సంగతి వేరు. కొండ మీంచి దిగివచ్చే నీరు ఐదు ధారలుగా పడుతుంది కాబట్టి పంచధార. వాడుకలో అది పంచదార్ల అయింది. ఊరి పేరులోనూ ధారే ఉంది, ధారపాలెం.

కొండలోకి ఇంకిన వాననీరు రాతి పొరల మధ్య నుంచి మెల్లగా ఊరుతూ ఇలా బయటికొస్తుంది. ఎప్పుడు కట్టారో గానీ, ఆ నీటిని వృథాగా పోనివ్వకుండా రాతి తూముల గుండా ధారలుగా మళ్లించారు. భక్తులు వాటికింద తలలు పెట్టి స్నానం చేసి, తడిబట్టలతోనే ధర్మలింగేశ్వరుడి దర్శనానికి వెళతారు. యమధర్మరాజు ప్రతిష్ఠించిన లింగం కాబట్టి ఆ పేరు వచ్చిందని స్థలపురాణం. శివరాత్రికి, కార్తీక మాసంలో ఇక్కడ నిలబడటానికి చోటుండదు. మామూలు రోజుల్లో మాత్రం నీటి చప్పుడు, కోతుల గోల తప్ప మరో అలికిడి ఉండదు.

ఇక్కడ తప్పకుండా చూడాల్సినవి రెండు. ఒకటి కోటిలింగం. ఒకే రాతి లింగం మీద చుట్టూ వరసలు వరసలుగా వందల కొద్దీ చిట్టి లింగాలు చెక్కారు. లెక్కపెడదామని మొదలుపెట్టిన పిల్లలు రెండో వరసలోనే తడబడతారు. రెండోది మండపంలోని శాసన స్తంభాలు. 15వ శతాబ్దం తొలినాళ్లలో ఎలమంచిలి చాళుక్యులు వేయించిన శాసనాలవి. తాము చంద్రవంశీయులమని మొదలుపెట్టి, తాత ముత్తాతల పేర్లు వరసగా చెప్పుకొంటూ వస్తారు. రాజ్యం చిన్నదైపోయిన కొద్దీ వంశగౌరవం గురించి చెప్పుకోవడం ఎక్కువవుతుందేమో! ఏమైనా ఆ గొప్పలే మనకు మేలు చేశాయి. ఈ స్తంభాలు లేకపోతే ఎలమంచిలి రాజుల గురించి మనకు తెలిసింది చాలా కొంచెమే అయ్యేది.

ఇంతటి చరిత్ర ఉన్న స్తంభాలకు భక్తులు మామూలుగా చేసే మర్యాద ఏమిటంటే... వీపు ఆనించి కూర్చోవడం. కొందరు పసుపు కుంకుమలూ అద్దుతారు. భక్తిని తప్పుపట్టలేం. కానీ రాతి మీద అక్షరానికి పసుపు కంటే పక్కన ఓ చిన్న వివరాల బోర్డు ఎక్కువ రక్షణ. దేవుణ్ని చూడటానికి వచ్చినవాళ్లు, తాము ఆనుకున్నది తమ ఊరి చరిత్ర అని తెలిస్తే ఓ అడుగు దూరంగానే కూర్చుంటారు.

అంకుడు కర్ర... లక్క... మొగలాకు

ఎలమంచిలి నుంచి తుని వైపు హైవే మీద ఓ పది, పన్నెండు కిలోమీటర్లు వెళ్లి లోపలికి తిరిగితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. పేరులోనే ఏరు ఉన్న ఊరు. 1933 నాటికే సహకార పద్ధతిలో చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్న ఊరు కూడా. అయితే ఈ ఊరి పేరును దేశమంతా మోసుకెళ్లింది చక్కెర కాదు, బొమ్మలు.

అమ్మమ్మల కాలంలో ఆడపిల్లలకు కొనిపెట్టే లక్కపిడతలు గుర్తున్నాయా? బుల్లి పొయ్యి, బుల్లి తిరగలి, బుల్లి బిందె, బుల్లి చెంబు... ఎర్రగా, పచ్చగా నిగనిగలాడుతూ ఉండేవి. ఆ నిగనిగ పెయింటుది కాదు, లక్కది. ఏటికొప్పాకలో ఇప్పటికీ అదే పద్ధతి. కొండపల్లి బొమ్మతో దీన్ని పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. కొండపల్లివాళ్లు తెల్ల పొణికి కర్రను చేత్తో చెక్కి, ముక్కలు అతికించి, కుంచెతో రంగులు వేస్తారు. ఏటికొప్పాకలో చెక్కడం తక్కువ, తిప్పడం ఎక్కువ. లేత్ మీద కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి ఆకారం తెస్తారు. అందుకే ఇక్కడి బొమ్మల్లో మూలలు కనిపించవు. పెళ్లికొడుకైనా, పెళ్లికూతురైనా, సన్నాయి మేళమైనా, కుంకుమ భరిణె అయినా అన్నీ గుండ్రమే.

కర్ర అంకుడు చెట్టుది. మెత్తగా, తెల్లగా ఉంటుంది. ఉలికి ఎదురుతిరగదు. కొమ్మ కొట్టి తెచ్చాక నెలల తరబడి ఆరబెడతారు. పచ్చికర్రతో తొందరపడి చేస్తే తర్వాత బొమ్మ పగుళ్లిస్తుంది. పూర్వం లేత్ తిప్పడానికి ఒక మనిషి తాడు పట్టుకుని అటూ ఇటూ లాగుతుంటే, మరో మనిషి ఉలి పట్టేవాడు. చాలా ఇళ్లలో లాగేది భార్య, ఉలి పట్టేది భర్త. కరెంటు మోటార్లు వచ్చాక ఆ శ్రమ తప్పింది. కరెంటు పోతే మాత్రం వీధి వీధంతా ఒక్కసారిగా మూగబోతుంది.

రంగు వేసే ఘట్టం చూసి తీరాలి. లక్క అంటే ఒకరకం చిన్న పురుగులు చెట్ల కొమ్మల మీద వదిలే జిగురు పదార్థం. దాన్ని నిప్పు సెగ మీద మెత్తబరిచి, రంగు కలిపి, సాగదీసి మడిచి, మళ్లీ సాగదీసి కడ్డీలుగా చేసుకుంటారు. తిరుగుతున్న బొమ్మకు ఆ కడ్డీని ఆనిస్తే చాలు, రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. కుంచె లేదు, డబ్బా లేదు, ఆరబెట్టే పని లేదు. ఆ తర్వాత అసలు కిటుకు. మొగలి ఆకు ముక్కను మడిచి తిరుగుతున్న బొమ్మ మీద అదిమితే అప్పటిదాకా గరుగ్గా కనిపించిన రంగు అద్దంలా మెరుస్తుంది. మొగలిపొదల్లో పాములుంటాయని భయపడే మనకు, ఆ ముళ్ల ఆకు ఇంత పనికొస్తుందని ఎవరు చెప్పారు?

ఈ రంగుల వెనక ఓ కథ ఉంది. మధ్యలో కొన్నాళ్లు రసాయన రంగుల మోజు ఇక్కడికీ పాకింది. చవక, పని సులువు. కానీ బొమ్మ అంటే పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు కదా! ఏటికొప్పాకకే చెందిన సి.వి.రాజు మళ్లీ చెట్ల రంగుల దారి పట్టారు. పసుపు కొమ్ము నుంచి పసుపు, నీలిమొక్క నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ, పసుపూ నీలమూ కలిపితే ఆకుపచ్చ. ఆకులు, గింజలు, వేర్లు, బెరడుల నుంచి రంగులు తీసి లక్కలో నిలబెట్టడం ఎలాగో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, తోటి కళాకారులకు నేర్పారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఈ ఊరి గురించి, రాజు గురించి చెప్పారు. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగింది కూడా ఏటికొప్పాక బొమ్మలే. ఆ శకటానికి రాష్ట్రాల విభాగంలో మూడో బహుమతి దక్కింది.

ఇంత పేరొచ్చాక ఇక లోటేమిటి అనిపిస్తుంది. లోటు కర్రది. అంకుడు చెట్టు మెల్లగా పెరుగుతుంది, బొమ్మ మాత్రం నిమిషాల్లో తయారవుతుంది. చుట్టుపక్కల కొండల్లో చెట్టు దొరకడం తగ్గుతున్నకొద్దీ దూరం నుంచి తెచ్చుకోవాలి. ఖర్చు పెరుగుతుంది. బొమ్మ ధర ఆ మేరకు పెంచుదామంటే, పక్క దుకాణంలో ప్లాస్టిక్ బొమ్మ సగం ధరకే నవ్వుతూ నిలబడి ఉంటుంది. అవార్డుల సంగతి కంటే అంకుడు మొక్కలు నాటే సంగతి ఇక్కడివాళ్లకు ముఖ్యం. ఇవాళ నాటిన మొక్క మీదే రేపు ఉలి పట్టే పిల్లాడి బతుకు ఆధారపడి ఉంది. ఆ పిల్లాడు ఉలి పట్టాలా, దగ్గర్లోని అచ్యుతాపురం పరిశ్రమల్లో ఉద్యోగం చూసుకోవాలా అన్న ప్రశ్న కూడా చాలా ఇళ్లలో ఉన్నదే.

కొనేవాళ్లకు ఓ చిన్న మాట. విశాఖలో ఎగ్జిబిషన్‌కు వచ్చినప్పుడు చూద్దాంలే అనుకోకుండా ఊళ్లోకే వెళ్లి కొంటే, డబ్బు నేరుగా చేసినవాళ్ల చేతిలో పడుతుంది. పైగా బొంగరం ఎలా పుడుతుందో పిల్లలు కళ్లారా చూస్తారు. సెల్‌ఫోన్ పక్కనపెట్టించే శక్తి ఆ తిరిగే కర్రకు ఉంది!

గురజాడ పుట్టిన ఊరు

ఏటికొప్పాకకు దగ్గర్లోనే ఎస్.రాయవరం. ఇక్కడ 'ఎస్' అంటే సర్వసిద్ధి. వేంగి చాళుక్య రాజు మొదటి జయసింహుడి బిరుదు అది. ఆ పేరుతో పక్కనే ఊరుంది. ఇంగ్లిషువాళ్ల కాలంలో తాలూకా పేరు కూడా సర్వసిద్ధే, ముఖ్య కేంద్రం మాత్రం ఎలమంచిలి. రాజు పోయి పదమూడు వందల ఏళ్లు దాటినా, రాజ్యమూ పోయినా బిరుదు మాత్రం ఓ మండలం పేరులో పొట్టి అక్షరమై మిగిలిపోయింది.

ఈ రాయవరంలోనే 1862 సెప్టెంబరు 21న మేనమామల ఇంట గురజాడ అప్పారావు పుట్టారు. గురజాడ అనగానే అందరికీ విజయనగరమే గుర్తొస్తుంది. న్యాయమే, ఆయన జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిచింది. అయినా 'కన్యాశుల్కం' పాఠం చదువుకున్న పిల్లలతో ఇటువైపు వెళ్లినప్పుడు రాయవరంలో ఓ పది నిమిషాలు ఆగితే పోయేదేమీ లేదు.

అక్కడి నుంచి సముద్రం వైపు వెళితే రేవు పోలవరం. కొండ, ఇసుక, అలలు ఒకేచోట కనిపించే తీరం. విశాఖ బీచ్‌లో మొక్కజొన్న కంకుల బండ్ల మధ్య దొరకని నిశ్శబ్దం ఇక్కడ ఉంది. అయితే ఈ నిశ్శబ్దాన్ని నమ్మకూడదు. జనం లేని తీరమంటే కాపాడేవాళ్లు లేని తీరమని కూడా అర్థం. 2022 జులైలో ఇదే తీరంలోని పూడిమడకలో సరదాగా సముద్రంలోకి దిగిన ఇంజినీరింగ్ విద్యార్థులను అలలు లాక్కెళ్లిపోయాయి. చూడటానికి వెళ్లండి, కాళ్లు తడుపుకోండి, అంతకుమించి వద్దు. ఎక్కడ లోతుందో అక్కడి మత్స్యకారులకు తెలుసు. ఒకసారి వాళ్లను అడిగితే చాలు.

రెండు తాడిమొద్దులే పడవ

తిరిగి అచ్యుతాపురం వైపు వస్తే కొండకర్ల ఆవ. ఆవ అంటే ఇక్కడివాళ్ల మాటలో పెద్ద నీటిమడుగు. కొల్లేరు తర్వాత రాష్ట్రంలో అంత పెద్ద మంచినీటి సరస్సు ఇదేనని చెబుతారు. ఓవైపు కొండలు, మరోవైపు కొబ్బరి చెట్లు, మధ్యలో ఆకులే తప్ప నీళ్లు కనిపించనంతగా తామరలు.

ఇక్కడి ప్రత్యేకత పడవ. తాడిచెట్టు మొద్దును తొలిచి దోనె చేస్తారు. ఒక్క దోనె ఒరిగిపోతుంది కాబట్టి రెండింటిని జతచేసి కడతారు. పొడవాటి కర్రతో అడుగున పొడుస్తూ ముందుకు నడుపుతారు. మోటారు చప్పుడు లేకపోవడంతో పక్షులు బెదరవు. నీటికోళ్లు తామరాకుల మీద నడుచుకుంటూ మీ పక్కనుంచే వెళ్లిపోతాయి. చలికాలంలో అయితే వలస పక్షులూ కలుస్తాయి. కూర్చోగానే దోనె అంచు నీటికి జానెడు ఎత్తులోనే ఉండటం చూసి మొదట గుండె దడదడలాడుతుంది. ఐదు నిమిషాలయ్యాక దిగాలనిపించదు.

ఈ దోనెలు సందర్శకుల కోసం పుట్టలేదు. చేపలు పట్టడానికి, పూలు కోయడానికి పుట్టాయి. ఆవ మీద ఆధారపడి బతికే కుటుంబాలు చుట్టూ ఊళ్లలో ఉన్నాయి. అందుకే నీళ్లు తగ్గినా, గుర్రపుడెక్క పెరిగినా మొదట తెలిసేది వాళ్లకే. చుట్టూ పరిశ్రమలు, రోడ్లు, ప్లాట్లు వేగంగా పెరుగుతున్న ప్రాంతమిది. నీళ్లున్న చోటు ఎప్పుడూ ఖాళీ స్థలంలా కనిపిస్తుంది కొందరికి.

రాళ్లు రువ్విన కొండ

విశాఖ తిరిగి వెళ్లే దారిలో చివరి మజిలీ శంకరం. అనకాపల్లి నుంచి మూడు కిలోమీటర్లు. శంకరం అంటే శివుడి పేరు అనుకుంటాం. కాదట, బౌద్ధ భిక్షువులు ఉండే సంఘారామం జనం నోట్లో నలిగి శంకరం అయింది. పొలాల మధ్య రెండు గుట్టలు. తూర్పున బొజ్జన్నకొండ, పడమట లింగాలకొండ.

మెట్లెక్కి బొజ్జన్నకొండ పైకి చేరితే రాతిని తొలిచిన గుహలు. ప్రధాన గుహలో పదహారు స్తంభాలు, మధ్యలో ఏకశిలా స్తూపం. ఇటుకా సున్నం లేదు, ఉన్న కొండనే లోపలికి చెక్కుకుంటూ వెళ్లి స్తంభాన్నీ స్తూపాన్నీ మిగిల్చారు. ఒక దెబ్బ తప్పిపడితే అతికించుకునే వీలు లేని పని. లింగాలకొండ మీద మరో వింత. కొండ రాయినే చిన్నా పెద్దా స్తూపాలుగా వరసల్లో చెక్కారు. బౌద్ధం మరుగునపడ్డాక వచ్చిన జనానికి అవి శివలింగాల్లా కనిపించాయి. అలా లింగాలకొండ అయింది. పంచదార్ల కోటిలింగం చూసివచ్చిన కళ్లకు ఈ పోలిక ఇట్టే తెలిసిపోతుంది.

1907-08లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించారు. సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికింది. 'విషమసిద్ధి' అన్న బిరుదుతో చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. ఈయన కొడుకే ఇందాకటి సర్వసిద్ధి జయసింహుడు. తండ్రి బిరుదు నాణేల మీద, కొడుకు బిరుదు ఊరి పేరులో... మధ్య దూరం ముప్పై, నలభై కిలోమీటర్లు!

బొజ్జన్నకొండకు మరో కథ ఉంది, వినడానికి అంత బాగుండదు. సంక్రాంతి మర్నాడు కనుమ పండక్కి చుట్టుపక్కల జనం ఇక్కడికి తీర్థానికి వస్తారు. పిండివంటలు తెచ్చుకుంటారు, పిల్లలకు బూరలు కొంటారు. వాటితోపాటు ఓ ఆచారం కూడా ఉండేది. బొజ్జతో ఉన్న ఓ రాతి ఆకారాన్ని రాక్షసుడని నమ్మి, వచ్చినవాళ్లంతా దాని మీద రాళ్లు రువ్వేవారు. తాతలు రువ్వారు కాబట్టి తండ్రులు, తండ్రులు రువ్వారు కాబట్టి పిల్లలు. వాళ్లలో ఎవరికీ దాని మీద కోపం లేదు, అదేమిటో ఎవరూ చెప్పలేదు, అంతే. వందల ఏళ్ల శిల్పం ఏటా ఒక్కరోజు పండగలో కొంచెం కొంచెంగా చెదిరిపోతూ వచ్చింది. పురావస్తు శాఖ, ఇంటాక్ వాళ్లు, పోలీసులు కలిసి నచ్చజెప్పి, కాపలా కాసి ఆ ఆచారాన్ని మాన్పించాల్సి వచ్చింది.

కనుమ తీర్థం మాత్రం ఆగలేదు. జనం వస్తూనే ఉన్నారు. మెట్ల మీద బారులు తీరి పైకెక్కుతారు, గుహల ముందు నిలబడి ఫొటోలు దిగుతారు, స్తూపం చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి దిగిపోతారు. దిగేదారిలో అనకాపల్లి మీదుగానే వెళ్లాలి కనుక, దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన ఆ ఊళ్లో ఓ బెల్లం దిమ్మ సంచిలో పడాల్సిందే.

వెళ్లేవారి కోసం: విశాఖ నుంచి అనకాపల్లి, ఎలమంచిలి వైపు బస్సులు ఎప్పుడూ ఉంటాయి. రైల్లో అయితే ఎలమంచిలిలో అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు, ముందే చూసుకోవాలి. పంచదార్ల, ఏటికొప్పాక, కొండకర్ల మూడూ ఒకదాని పక్కన ఒకటి లేవు కాబట్టి ఎలమంచిలిలో ఆటోగానీ, విశాఖ నుంచే కారుగానీ మాట్లాడుకుంటే మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వాతావరణం హాయిగా ఉంటుంది, ఆవలో పక్షులూ ఉంటాయి. పంచదార్లకు వెళ్లేటప్పుడు మార్చుకోవడానికి ఓ జత బట్టలు మరవద్దు. ధారల్ని చూసి పిల్లలు ఒడ్డునే ఆగుతారని ఆశపడటం దండగ!